ముంగిలి తాగిన నీళ్ళు

నేను రోజూ పుస్తకం రాస్తాను. పెద్ద రాతలేమీ కావు. ఎంత వాన పడింది, ఏ గేదె ఎన్నో తారీకున ఈనింది, ఊడ్పులు ఎన్నాళ్ళు పట్టాయి, పెరట్లో గుమ్మడి పాదుకి ఎన్ని పిందెలు నిలిచాయి, ఇవే. పెళ్ళయిన రెండో ఏట మొదలుపెట్టాను. కిందటి శీతాకాలం పుస్తకంలో నలభై నాలుగు రోజులు ఒక కొండ ఇంటివి. నవంబరు 26 నుంచి జనవరి 8 వరకూ నేను ఉత్తరాదిన, మంచు కురిసే ఒక కొండ ఊళ్ళో, మా అబ్బాయి అద్దెకున్న ఆ ఇంట్లో ఉన్నాను. ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నమ్మి రాసింది తక్కువ.

మా ఊరు పొందూరు దగ్గర. మా అబ్బాయి ఆ కొండల్లో సొరంగం పనిలో సూపర్‌వైజరు. కోడలు గరివిడి పిల్ల, నర్సు చదివింది. పని జరిగే చోటే ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం దొరికింది. మార్చి నెలాఖరు దాకా మానకుండా వస్తే ఖాయం చేస్తామన్నారు, మధ్యలో ఆగితే పోయినట్టే. వాళ్ళకి ఎనిమిది నెలల ఆడపిల్ల. అంతవరకూ వియ్యపురాలు ఉండి చూసింది. ఆమె మోకాళ్ళు చలికి పట్టేస్తే నన్ను రమ్మన్నారు. మా ఇంటాయన నూర్పులు చూసుకోవడానికి ఊళ్ళోనే ఉండిపోయారు. అక్కడ నా పని ఒక్కటే. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకూ పాపని చూసుకోవాలి. అది నాకు చేతకాదని తేలితే కోడలు ఇంట్లో కూర్చోవాలి.

ఇల్లు రాతి గోడలది, రెండు గదులు, పైన నల్లటి పలకరాళ్ళు. గుమ్మం ముందు కొంత చదును నేల, దాని అవతలి అంచున కట్టెలు దాచుకునే పాక, పాక వెనక లోయ. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ ముసలమ్మ. మా వెనక, కాస్త పక్కగా, మా వాకిలి కనపడే మిట్ట మీద, ముప్పై నాలుగు అడుగుల దూరంలో ఆమె ఇల్లు. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. నన్ను చూసినప్పుడల్లా ముఖం నిండా నవ్వేది, ఆ నవ్వు ఆగాక కూడా చూస్తూనే ఉండేది.

నేను తీసుకెళ్ళినవి: ఎర్ర బియ్యం, చింతపండు, ఆవకాయ, వత్తులకి పొందూరు నూలు ఒక చుట్ట, శ్రీకూర్మంలో కొన్న స్వామి పటం. ఆవకాయ మీద నూనె మూడో రోజుకి గడ్డ కట్టింది. కొబ్బరి నూనె సీసా పొయ్యి పక్కన పెడితేగాని కరిగేది కాదు. పటాన్ని పడమటి గోడకి ఒకే మేకుకి దారంతో వేలాడదీశాను.

డిసెంబరు 9న మొదటి మంచు పడింది. అంతకుముందు నేను ఎరిగిన మంచు మా పొలాల మీద తెల్లవారుజామున కూర్చుని, ఎండ రాగానే లేచిపోయేది. ఇది కూర్చున్నాక లేవలేదు. నాకు వింతగా తోచింది దాని తెలుపు కాదు, చప్పుడు లేకపోవడం. వాన పడుతుంటే కళ్ళు మూసుకుని ఎన్ని అంగుళాలో చెప్పగలిగేదాన్ని. ఇక్కడ రోజంతా ఏదో పడుతూ ఉండేది, చెవికి ఏమీ అందేది కాదు. తలుపు తీస్తే లోకం ఒక చేయి ఎత్తు పెరిగి ఉండేది.

అప్పటినుంచి అడుగులు లెక్కపెట్టడం మొదలైంది. మంచు బాగా కురిసేటప్పుడు పాక కనపడదు. కట్టెల కోసం వెళితే ఎన్ని అడుగులకి చేయి చాచాలో తెలిసి ఉండాలి. గుమ్మం నుంచి పాక గుంజకి పంతొమ్మిది అడుగులు. డిసెంబరు 10న రాసుకున్నాను. గుడ్డలు ఆరేసే తాడు కూడా ఆ రోజే అబ్బాయి చేత కట్టించాను, గుమ్మం పక్క కొక్కెం నుంచి పాక గుంజకి. నేను పొట్టిదాన్ని. చేతులు పైకెత్తకుండా అందాలని బాగా వదులుగా, మధ్యలో నా నడుం దాకా దిగేట్టు కట్టమన్నాను. పాప గుడ్డలు అక్కడ వేస్తే అరగంటలో అప్పడాల్లా బిగుసుకుపోయేవి. కోడలు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చి, పొయ్యి దగ్గర పెట్టి, మెత్తబడేదాకా చూసి నవ్వేది.

డిసెంబరు 16న ధనుర్మాసం పట్టింది. ఏ ఊళ్ళో ఉన్నా ఆ నెల వాకిట్లో కళ్ళాపి చల్లకుండా నేను ముగ్గు వెయ్యను. ఇంటావిడకి ఆవు ఉంది. చేతులతో చూపించి పేడ అడిగితే ఇచ్చింది. గుమ్మం ముందు చాప వెడల్పున మంచు తోసేసి, గోరువెచ్చని నీళ్ళలో పేడ కలిపి రెండు చిన్న బకెట్లు చల్లాను. జారిపడతావని అబ్బాయి అన్నాడు. నిజమే, అక్కడ ఎక్కడ నీళ్ళు ఒలికినా పది నిమిషాల్లో అద్దం అయిపోయేది. ఊటకుళాయి దగ్గర బండల మీద నడవలేకపోయేవాళ్ళం.

మా వాకిట్లో నీళ్ళు మాత్రం గడ్డ కట్టలేదు.

చల్లిన నీళ్ళు పాక వైపుగా నాలుగు జానలు పారి, ఒక చోట ఆగి, లోపలికి దిగిపోయేవి. నేను వంగి విన్నాను. సన్నని గుటకల చప్పుడు. దాహంతో ఉన్న గేదె తొట్టిలో మూతి పెట్టినప్పుడు, నీళ్ళు కనపడకపోయినా గొంతు కదులుతుందే, అలాంటిది. రెండు బకెట్లూ తాగాక ఆగిపోయింది. ఇంత చలిలోనూ నేల ఎంత మంచిదో అని ముగ్గు వేసి లోపలికి వచ్చాను. ఆ మాటే పుస్తకంలో రాసి ఉంది.

మర్నాడు ఇంటావిడ మిట్ట మీద నిలబడి చూసింది. నేను బకెట్టు ఎత్తగానే గబగబా దిగివచ్చి, అరచేతిని నేలకి ఆనించి, తల అడ్డంగా ఊపింది. తర్వాత అదే చేతిని చెవి దగ్గర పెట్టుకుంది. పడిపోతానని భయపడుతోందనుకున్నాను. నా పాదాలు చూపించి గట్టిగానే ఉన్నాయని సైగ చేశాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం మా అబ్బాయితో చాలాసేపు మాట్లాడింది. ఏమందని అడిగితే, "నీ ముగ్గు బాగుందంట" అన్నాడు.

డిసెంబరు 22న పాక గుంజ నా చేతికి అందలేదు. పంతొమ్మిది అడుగులు వేసి చేయి చాస్తే గాలి తగిలింది. ఒళ్ళు ముందుకి వంచితే గుంజ దొరికింది. వయసు మీద పడి అడుగు చిన్నదవుతోందనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. లోపల వంటింటి గోడ నుంచి మా మంచం దాకా నడిచాను. మొదటి రోజు ఏడు అడుగులు, ఇప్పుడూ ఏడే. మూడుసార్లు నడిచాను. అడుగు చిన్నదైతే లోపలా చిన్నదవ్వాలి కదా.

నెలాఖరుకి తాడు నా భుజం దాకా లేచింది. గుడ్డ వెయ్యాలంటే చేతులు ఎత్తవలసి వచ్చేది. అబ్బాయికి చెప్పాను.

"చలికి తాడు ముడుసుకుంటాదమ్మా" అన్నాడు.

"నైలాను తాడు జానలు జానలు ముడుసుకుంటాదేటి?"

"అయితే నువ్వే కురసైపోతన్నావు. సంక్రాంతికి పాపా నువ్వూ ఒకే ఎత్తుంటారు."

కోడలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆ రాత్రి పుస్తకంలో తాడు భుజం దాకా అని రాశాను.

ఇంకో సంగతి కూడా రాస్తూ వచ్చాను, ఎవరికీ చెప్పకుండా. పాప అప్పుడప్పుడే పాకడం నేర్చుకుంటోంది. దాన్ని గది మధ్యలో ఎటు తిప్పి కూర్చోబెట్టినా గుమ్మం పక్క మూలకే పాకేది. గిలక్కాయ ఇటు పెట్టి పిలిచినా, నా వైపు చూసి నవ్వేది, పాకడం మాత్రం అటే. మూలకి చేరాక గోడకి చేయి ఆనించి, ఎవరో చెప్పేది వింటున్నట్టు కదలకుండా ఉండేది. ఒక్క రోజులో పదకొండుసార్లు తిప్పి కూర్చోబెట్టాను. పదకొండుసార్లూ అక్కడికే. నా చేతి నుంచి జారిన నిమ్మకాయ కూడా ఆ మూలకే వెళ్ళి ఆగింది. దాన్ని చూసి పాప చప్పట్లు కొట్టింది. గడియ వేసిన తలుపు మధ్యాహ్నాలు తనంతట తాను తెరుచుకునేది. వెళ్ళి చూస్తే బయట ఎవరూ ఉండరు, మంచు మీద ఒక్క అడుగు గుర్తు కూడా ఉండదు.

స్వామి పటం రోజూ కుడికి ఒరిగి ఉండేది. రోజూ సరిచేసేదాన్ని. మర్నాటికి మళ్ళీ ఒరిగేది. వీపు మీద కొండని మోస్తున్న తాబేలు బొమ్మ అది. ఒరిగినప్పుడల్లా తాబేలు భారం మార్చుకోడానికి పక్కకి ఒదుగుతున్నట్టు ఉండేది. ఆ ఊహ నాకు నచ్చక పటాన్ని గబుక్కున సరిచేసి అటు చూడ్డం మానేసేదాన్ని.

జనవరి 3న పాల గిన్నె పడింది. పొద్దున్న తొమ్మిదిన్నరకి కాగిన పాలు దించి, వంటగట్టు మధ్యలో, గోడకి జానెడు దూరంలో పెట్టాను. పాప కింద చాప మీద ఉంది. నేను ఉగ్గు గిన్నె కోసం తిరిగాను. చప్పుడైంది. తిరిగి చూస్తే పాలు నేల మీద పొగలు కక్కుతున్నాయి, పాప చాపకి రెండు బెత్తల దూరంలో. పాపకి చుక్క కూడా తగల్లేదు. గిన్నె అంచున పెట్టావా అని అబ్బాయి అడిగాడు. మధ్యలో పెట్టాను అన్నాను. మధ్యలో పెట్టిన గిన్నె ఎలా పడుతుంది అన్నాడు. అప్పుడు అడుగులూ తాడూ నిమ్మకాయా అన్నీ చెప్పాను. పుస్తకం తెచ్చి తారీకులు చూపించాను. అతను చదివాడు. చదువుతున్నంతసేపూ నన్ను చూడలేదు.

మర్నాడు నేను కట్టెలకి పాకలోకి వెళ్ళాననుకుని కోడలితో మాట్లాడాడు. మంచుకి మూసేసిన రోడ్డు తెరిచిన రోజున అమ్మని కిందికి పంపేద్దామన్నాడు. ఇలాంటి లెక్కలతో మొదలై కొందరికి మతి ఎటు పోతుందో నువ్వు ఆసుపత్రిలో చూసి ఉంటావు అన్నాడు. కోడలు మడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత, "అయితే నాను మానియ్యాల" అంది. అంతే అంది. వంటింట్లో కుక్కరు కూత వేస్తే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

నాకు కోపం రాలేదు. భయం వేసింది. వాళ్ళు అన్నది నిజమేమోనని. నలభై ఏళ్ళుగా రాసుకున్న అంకెలు నన్ను ఎన్నడూ మోసం చెయ్యలేదు, ఇప్పుడు అవే చేస్తున్నాయేమో. నా మతి పోతుంటే అది నాకు ఎలా తెలుస్తుంది? లెక్కపెట్టేది కూడా ఆ మతే కదా. ఆ పగలంతా పాపని ఒళ్ళోంచి దించలేదు. అది మూల వైపే తల తిప్పి చూస్తూ ఉంది.

జనవరి 5న, అబ్బాయీ కోడలూ వెళ్ళాక, పాపని వీపున కట్టుకుని, పొందూరు నూలు తీశాను. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర రాట్నం మీద వడికినదాన్ని. నూలు ఎంత లాగితే ఎంత సాగుతుందో నా వేళ్ళకి తెలుసు. నాలుగు పేటలు పేని, గుమ్మం కొక్కెం నుంచి పాక గుంజ మీది మేకు దాకా సమంగా పట్టి, అక్కడికి తెంపాను. పొడిగా ఉండాలని బియ్యం డబ్బాలో దాచాను. నా అడుగు తప్పు చెప్పొచ్చు. నూలు వయసు మూడు రోజుల్లో మారదు.

జనవరి 8. తెల్లవారాక యథాప్రకారం రెండు బకెట్లు చల్లి ముగ్గు వేశాను. నీళ్ళు ఆ రోజు పారనే లేదు. చల్లినచోటే, నా కాళ్ళ ముందే దిగిపోయాయి. గుటకలు లేవు. చాలా లోతున ఎక్కడో ఒక్క చప్పుడు, పెద్ద నీళ్ళ గాబు మూత జరిపినట్టు.

పదకొండున్నరకి, రోజూలాగే, పాపకి పాలివ్వడానికి కోడలు ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆమె తాగించి లేచేదాకా ఆగి, నూలు తీసి ఒక చివర ఆమె చేతికిచ్చాను.

"ఏటత్తా ఇది?"

"మూడు రోజుల కిందట ఈ కొక్కెం నుంచి ఆ మేకుకి తెంపిన నూలు. నాను పట్టుకుంటే నన్ను నమ్మరు. నువ్వెల్లి ఆ సివర పట్టు."

విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కోలేదు. పాపని చాప మీద కూర్చోబెట్టి, మంచులో పాక దాకా నడిచింది. నేను ఇటు కొక్కెం దగ్గర పట్టుకున్నాను. ఆమె గుంజ దగ్గర నిలబడి, నూలు బిగించి, మేకు వైపు చూసింది. మళ్ళీ బిగించింది. నూలు చివరకీ మేకుకీ మధ్య తన వేళ్ళు అడ్డంగా పెట్టింది. నాలుగు వేళ్ళూ పట్టాయి, ఇంకా సందు మిగిలింది. తర్వాత తలెత్తి మా ఇద్దరి మధ్య ఉన్న గుడ్డల తాడుని చూసింది. అది కర్రలా బిగిసి ఉంది. గాలి లేదు. అయినా తాడు సన్నగా మోగుతోంది. దాని మీద ఏడు గుడ్డలు ఉన్నాయి.

ఆమె పాక దగ్గర నుంచి పరుగున రాలేదు. ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ, గాజు మీద నడిచినట్టు నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడి పడమటి గోడ మీది స్వామి పటాన్ని చూసింది. ఆ రోజు నేను దాన్ని సరిచెయ్యడం మర్చిపోయాను. పటం ఒరిగే ఉంది.

"ఒక్క మేకుకి దారంతో ఏలాడతన్నాది" అంది నెమ్మదిగా. "అది ఒరగదత్తా. ఒరిగింది గోడ."

నెలరోజులుగా తిన్నగా ఉన్నదాన్ని నేను వంకరకి సరిచేస్తూ వచ్చాను. అది నాకు తట్టలేదు.

పాప అప్పటికే మూలకి పాకి, గోడకి చేయి ఆనించి కూర్చుంది. కోడలు ఒక్క అంగలో వెళ్ళి దాన్ని ఎత్తింది. ఎత్తి తన దగ్గర ఉంచుకోలేదు. నా చేతుల్లో పెట్టింది.

"గుంటపిల్లని నువ్వే ఎత్తుకో అత్తా. నువ్వు ముందు నడు. నువ్వేసిన అడుగులోనే నానూ ఏస్తాను."

వెనక తలుపు నుంచి మిట్ట ఎక్కాం. ముప్పై నాలుగు అడుగులు. లెక్కపెట్టాను, ముప్పై నాలుగే ఉన్నాయి. ఆ అంకె కలిసినందుకు నాకు ఏడుపు వచ్చింది. మేము తలుపు తట్టకముందే ఇంటావిడ తీసింది. లోపల పొయ్యి పక్కన పరుపు పరిచి ఉంది, దాని మీద పిల్ల పడుకునేంత మేర దుప్పటి మడిచి ఉంది. ఎన్ని రోజులుగా అలా పరిచి ఉంచిందో నాకు తెలియదు. అడిగే భాష లేదు. కోడలు అబ్బాయికి ఫోను చేసి, వచ్చేటప్పుడు పై దారిన రమ్మని, మన వాకిట్లోకి దిగొద్దని చెప్పింది.

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి కిటికీ దగ్గర ఉన్నాను. పాప నా భుజం మీద నిద్రపోతోంది. చప్పుడేమీ రాలేదు, అది ముందు చెప్పాలి. పాక ఒక పక్కకి కొద్దిగా తల వంచినట్టయింది. వంచి, కిందికి కూర్చుంది. పాక ఉన్నచోట లోయ కనపడింది. తర్వాత గుడ్డల తాడు కదిలింది. కొక్కెం ఊడి వచ్చింది కాబోలు, ఏడు గుడ్డలూ ఒకదాని వెనక ఒకటి మంచు మీద పాకుతూ అంచు దాకా వెళ్ళి, అవతల ఎవరో కూర్చుని లాక్కుంటున్నట్టు, దిగిపోయాయి. తొందర లేకుండా. చివరి గుడ్డ అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పసుపు రంగుది. ఆగి అదీ వెళ్ళింది. దాని వెనకే నా ముగ్గు వేసిన నేల రెండుగా విడి, సగం ముగ్గు ఇటు ఉండిపోయింది. అప్పుడు వినపడింది చప్పుడు, ఎక్కడో చాలా కింద.

కోడలు నా వెనకే నిలబడి ఉంది. నా భుజం మీంచి పాపని తీసుకోబోయి, మానేసి, మా ఇద్దరికీ కలిపి శాలువా కప్పింది.

ఇల్లు పడలేదు. గుమ్మం పక్క మూల మాత్రం చెయ్యి దూరేంత విడిపోయింది. ఆ సాయంత్రమే ఖాళీ చెయ్యమన్నారు. అబ్బాయి వచ్చి మిట్ట మీద నిలబడి చాలాసేపు కిందికి చూశాడు. లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని అడుగులని సెప్పేవమ్మా?"

"పంతొమ్మిది ఉండాల."

తల ఊపాడు. తల దించుకునే ఇంకో మాట చెప్పాడు. నేను కళ్ళాపి మొదలుపెట్టిన రెండో రోజున ఇంటావిడ అతనితో అన్నది ముగ్గు గురించి కాదట. ఈ నేలకి చలికాలం నీళ్ళు పెట్టకూడదు, ఒకసారి తాగితే లోపల నోరు పెద్దది చేసుకుంటుంది, మీ అమ్మని మానమను అందట. "ధనుర్మాసం కదా, మానమంటే నువ్వు మనసు కష్టపెట్టుకుంటావని సెప్పలేదు" అన్నాడు. ఇంటావిడ పొయ్యిలో కట్టె ఎగదోసి నన్నే చూస్తోంది.

వాళ్ళు కింద ఊళ్ళో క్వార్టర్సుకి మారారు. నన్ను పంపే మాట మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి నేనే బయలుదేరాను, మోకాళ్ళు తగ్గి వియ్యపురాలు వస్తానంది కనక. కోడలి ఉద్యోగం ఏప్రిల్‌లో ఖాయమైంది. మొన్న ఫోనులో, పాప నడుస్తోందని, గోడ పట్టుకోకుండా పదహారు అడుగులు వేసిందని చెప్పింది. ఆమె కూడా లెక్కపెడుతోంది.

ఆ కొండ లోపల సొరంగం ఉంది, పైన మంచు బరువు ఉంది, ఆ నేల అంతకుముందే చీలి ఉండొచ్చు. ఇవన్నీ నాకు చెప్పారు. చెప్పినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. నా లెక్క నాకు వేరే ఉంది. డిసెంబరు 16 నుంచి జనవరి 8కి ఇరవై నాలుగు రోజులు. మంచు ఎక్కువై బయటికి వెళ్ళనివి మూడు. మిగిలినవి ఇరవై ఒకటి. రోజుకి రెండు బకెట్లు. నలభై రెండు. ఒక్కటి కూడా ఆ వాకిట్లో గడ్డ కట్టలేదు. లోపలికి వెళ్ళి ఎక్కడో గడ్డ కట్టే ఉంటుంది. గడ్డ కట్టిన నీరు ఉబ్బుతుందని నాకు తెలుసు. రాత్రి బయట ఉంచిన ఇత్తడి చెంబు పగిలింది కూడా, డిసెంబరు 12న, రాసి ఉంది. తెలిసి ఉండి ఈ రెండూ కలిపి చూడలేదు. ఈ నలభై రెండు సంగతి కోడలికి చెప్పలేదు. ఇదే మొదటిసారి రాయడం.

ఇప్పుడు మా ఊళ్ళో, మా వాకిట్లోనే రోజూ చల్లుతున్నాను. చల్లి, ముగ్గుబుట్ట పక్కన పెట్టి, నీళ్ళు ఇంకేదాకా నిలబడతాను. మా ఇంటాయన అరుగు మీంచి చూసి, ఏటి సూస్తన్నావని అడుగుతారు. నీళ్ళు అంటాను. రోజూ సూసిన నీళ్ళే కదేటి అంటారు. అవును అంటాను. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, వంగి, చెవి ఆనిస్తాను.